ఎంటర్ బటనుకి లక్క సీలు

చిక్కుడులంకకి ఆఖరి పంటు సాయంత్రం నాలుగున్నరకి వెళ్లిపోతుంది. మండలేశ్వరంలోని రేవుల నిర్వహణ సంస్థలో ఉద్యోగుల్ని అయిదున్నరకి గానీ వదలరు. ఈ రెండు టైముల మధ్య అడకత్తెరలో పోకచెక్కలా నలిగిపోతున్నవాడు గుబ్బల త్రినాథ్ అనే జూనియర్ అసిస్టెంటు.

పంటంటే ఎరగనివాళ్లకి ఒక్క ముక్క చెప్పాలి. రెండు పెద్ద పడవల్ని జంట కట్టి, పైన బల్లలు పరిచి, మనుషుల్నీ మోటారుసైకిళ్లనీ గేదెల్నీ ఒకేసారి ఎక్కించుకుని గోదారి దాటించేదే పంటు. చిక్కుడులంకకి అదొక్కటే దారి. చుట్టూ తిరిగి రోడ్డు మీద వెళ్లొచ్చుగా అని అడిగే మహానుభావులు ఆఫీసులోనే ఉన్నారు. చుట్టూ నీళ్లుంటేనే కదండీ దాన్ని లంక అనేది!

త్రినాథ్‌కి పెళ్లయి ఆర్నెల్లు. భార్య సుభాషిణి లంకలో హైస్కూలు టీచరు, కాపురం అక్కడే. కాపురమంటే ఆవిడ కాపురమే. ఈయన సోమవారం నుంచి శనివారం దాకా మండలేశ్వరంలో ఒక మెస్సు మేడమీద గదిలో పడుకుని, ఆ మెస్సులోనే తిని, ఆదివారం పూట మాత్రం మొగుడయ్యేవాడు. పెళ్లయ్యాక భార్యతో కలిసి తిన్న భోజనాల కన్నా మెస్సు ఓనరుతో కలిసి తిన్నవే ఎక్కువ.

"ఏవండీ, నేను పెళ్లి చేసుకుంది మిమ్మల్నా, మీ ఫోన్నా?" అని ఓ రోజు సుభాషిణి నిలదీసింది. "శ్రావణమాసం వచ్చేలోగా సాయంత్రం పంటు రాకపోతే నేను తుని బదిలీ పెట్టుకుని మా అమ్మావాళ్ల దగ్గరికి పోతాను. ఆ తర్వాత మీరు పంటు టైములు మానేసి రైలు టైములు చూసుకోండి."

ఆవిడ అన్నదంటే చేసేదే. త్రినాథ్‌కి ఆ సంగతి తెలుసు. అతనొక్కడి బాధే కాదు. కాలేజీ పిల్లలు ఆఖరి క్లాసు ఎగ్గొట్టి రేవుకి పరిగెత్తేవాళ్లు. బెండకాయలమ్మేవాళ్లు సాయంత్రం సంత మొదలవుతుండగానే గంపలెత్తుకునేవాళ్లు. అందరూ కలిసి ఏళ్ల తరబడి అర్జీలు పెట్టగా పెట్టగా, చివరికి ఆషాఢం మొదట్లో ఉత్తర్వు వచ్చింది. ఆరున్నరకి ఇంకో ట్రిప్పు మంజూరు! ఉత్తర్వు చదివి త్రినాథ్ తన కుర్చీలోనే ఎగిరి కూర్చున్నాడు. ఆఖరి వాక్యం మాత్రం ఇలా ఉంది: "ఈ ఉత్తర్వు సంస్థ వెబ్‌సైటులో ప్రచురితమైన క్షణం నుంచి అమల్లోకి వచ్చును."

దానికీ ఆనందించాడు పిచ్చివాడు. ఎందుకంటే వెబ్‌సైటులో పోస్టులు పెట్టే పని అతనిదే మరి.

ఇక్కడ ఆ వెబ్‌సైటు సంగతి చెప్పకపోతే కథ కదలదు. పాత సైటు పుష్కరాలప్పుడు నలుగురు ఒకేసారి చూసేసరికి కళ్లు తిరిగి పడిపోయింది. దాన్ని లేపలేక, హైదరాబాదు నుంచి నిఖిలేష్ అనే కుర్ర కన్సల్టెంటుని పిలిపించారు. అతను వస్తూనే, "సార్, మీకు స్టాటిక్ సైట్ జనరేటర్ పెడుతున్నాను. పాత సైటు ఎవరడిగితే వాళ్లకి అప్పటికప్పుడు పొయ్యి వెలిగించి వండి పెట్టేది. ఇది అలా కాదు. పూతరేకుల్లా పేజీలన్నీ ముందే చేసి డబ్బాలో పెట్టేస్తుంది. ఎంతమంది వచ్చినా తీసివ్వడమే. మీరు మామూలు ఫైల్లో విషయం రాయండి. పైన రెండు గీతల మధ్య పేరూ తేదీ వెయ్యండి. తర్వాత ఎంటర్ కొట్టండి. కొత్త పోస్టుతో సహా మొత్తం సైటు మళ్లీ తయారైపోతుంది" అన్నాడు.

డిప్యూటీ డైరెక్టరు చామర్తి విశ్వేశ్వరం గారు అప్పటిదాకా కళ్లు మూసుకుని వింటున్నారు. ఆయన మామూలుగా మాట్లాడటం ఇంట్లోవాళ్లు కూడా ఎన్నడూ వినలేదు. కళ్లు తెరిచి, "అనగా ఒక పోస్టు చేర్చిన ప్రతి పర్యాయము పాత పేజీలన్నియు పునర్నిర్మితములగుచున్నవి. అంతియేనా?" అని అడిగారు.

"అంతే సార్. మూడు సెకన్లు పడుతుంది."

"కాలవ్యవధి అప్రస్తుతము" అని మళ్లీ కళ్లు మూసుకున్నారు. కన్సల్టెంటు ఆ సాయంత్రం బస్సుకే వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఫోను చేస్తే ఎత్తలేదు. తెలివైనవాడు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఆఫీసంతా ఆ కొత్త రాతలో పడిపోయింది. రెండేసి చుక్కగుర్తుల (అదే, స్టార్ల) మధ్య పెట్టిన మాట దట్టంగా వస్తుందని తెలిసి, సెలవు చీటీలో జ్వరానికి అటూ ఇటూ చుక్కలు పెట్టడం మొదలుపెట్టారు. అయితే అసలు తగువు హ్యాష్ గుర్తు దగ్గర వచ్చింది. ఒక హ్యాష్ పెడితే శీర్షిక పెద్దక్షరాల్లో వస్తుంది. గుర్తులు పెరిగేకొద్దీ అక్షరాలు చిన్నవైపోతాయి. నిఖిలేష్ ఆ మాట చెప్పేటప్పుడు టీ వచ్చింది, ఎవరూ వినలేదు. విశ్వేశ్వరం గారు హోదా ప్రకారం హ్యాషులు కేటాయిస్తూ సర్క్యులర్ జారీ చేశారు. డైరెక్టరు గారికి ఆరు, తనకి అయిదు, అలా దిగుతూ దిగుతూ అటెండరు పైడియ్యకి ఒక్కటి.

మర్నాడు సైటు తెరిస్తే పైడియ్య పేరు సినిమా పోస్టరంత ఉంది. దాని కింద ఎక్కడో చీమ పాకినట్టు డైరెక్టరు గారి పేరు. లంక రైతులు ఆఫీసుకొచ్చి తిన్నగా పైడియ్యకి దణ్ణం పెట్టి అర్జీలివ్వడం మొదలుపెట్టారు.

"విశ్వేశ్వరం గారూ, నా పేరేదండీ?" అని డైరెక్టరు గారు ఫోనులో అడిగారు.

"తమరి వినయము సార్! మహావృక్షము ఒదిగియే యుండును కదా. ప్రజలందరు తమరి నిరాడంబరతకు చేతులెత్తి మ్రొక్కుచున్నారు."

డైరెక్టరు గారు పొంగిపోయి, ఏడో హ్యాషుకి వీలుంటుందేమో కనుక్కోమన్నారు.

ఇదీ వాతావరణం. త్రినాథ్ ఇవేమీ పట్టించుకోకుండా ఆరున్నర పంటు పోస్టు రాసుకున్నాడు. పేరు పెట్టాడు, తేదీ వేశాడు, 'ఆరున్నర' అన్న మాటకి రెండు వైపులా చుక్కలు పెట్టాడు. అది తెర మీద దట్టంగా కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది. సుభాషిణికి ఫోటో తీసి పంపాడు. వేలు ఎంటర్ మీదకి పోతుండగా సూపరింటెండెంటు అలివేలమ్మ గారు వెనకనుంచి, "ఆగు నాయనా, ఆగు" అన్నారు. ఆవిడ చేతిలో ఆ ఉదయమే వచ్చిన సర్క్యులరుంది.

ఆవిడ చదివి వినిపించారు. పునర్నిర్మితమైన పేజీ కొత్త పేజీయే అగును. కొత్త పేజీకి పాత ఆమోదము చెల్లదు. కావున ఏ పోస్టు చేర్చవలెనన్నను, సైటులోని సమస్త పేజీలను ఏ అధికారి మొదట ఆమోదించెనో ఆ అధికారియే మరల ఆమోదించవలెను.

"అంటే?" అన్నాడు త్రినాథ్.

"అంటే ఏవుంది బాబూ, పుష్కరాల ముందు నుంచీ ఉన్న పోస్టులన్నిటికీ మళ్లీ సంతకాలు తేవాలి. అవి అయ్యేదాకా ఎవరూ తొందరపడి నొక్కేయకుండా..." అని ఆవిడ పైడియ్య వైపు చూశారు. పైడియ్య కొవ్వొత్తి వెలిగించి, లక్క కరిగించి, కీబోర్డు మీద ఎంటర్ బటనుకి వేడివేడిగా సీలు వేశాడు. పైన సంస్థ ముద్ర కూడా కొట్టాడు. సీలు చెరిపితే సస్పెన్షను, త్రినాథ్‌కేమో ఇంకా ప్రొబేషను తీరలేదు. ఆ రోజు నుంచి రాతలో కొత్త లైను కావాలంటే పక్క సెక్షనుకి పోయి వాళ్ల కీబోర్డు కోసం బతిమాలుకోవలసి వచ్చేది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. అయినా త్రినాథ్ నడుం కట్టాడు. శ్రావణానికి ఇంకా వ్యవధి ఉంది, ఉత్తర్వు చేతిలో ఉంది, సంతకాలేగా!

మొదట రిటైరైన ఇంజినీరు పేరి కామేశ్వరం గారింటికి వెళ్లాడు. ఆయన ఎప్పుడో పడవలకి మోకుతాళ్లు కొనడానికి ఇచ్చిన టెండరు పోస్టుంది. ఆయన అరుగు మీద కూర్చోబెట్టి, కళ్లజోడు తుడుచుకుని, ప్రింటు తీసిన కాగితం రెండుసార్లు చదివారు.

"ఈ టెండరు నేనిప్పుడైతే ఇవ్వనోయ్. ఆ తాళ్లు రెండు నెలలకే తెగిపోయాయి. తెగిన తాళ్లకి మళ్లీ సంతకం పెట్టమంటావా?"

"పాత పోస్టే కదండీ."

"పోస్టు పాతదే. సంతకం కొత్తదిగా! అప్పుడంటే తెలీక పెట్టాను. ఇప్పుడు తెలిసి పెడితే దాన్నేవంటారు?"

 ఆయన మాటలో న్యాయం ఉంది, అదే ఇంకా ఏడుపు. చివరికి ఆయన సర్వీసు కథ మొదటి పోస్టింగు నుంచి వీడ్కోలు సభ దాకా విని, వాళ్లావిడ పెట్టిన పులిహోర మారు వడ్డించుకుని తింటే సంతకం పడింది.

తర్వాత చనిపోయిన ఒకాయన ఇల్లు. అసిస్టెంటు డైరెక్టరుగా చేస్తూ కాలం చేసిన ఆ పెద్దమనిషి భార్య శేషమ్మ గారు త్రినాథ్ చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. "ఉన్నన్నాళ్లూ నా మాట ఒక్కటి విన్న పాపాన పోలేదు నాయనా. ఇప్పుడాయన తరఫున నేనెలా ఒప్పుకుంటాను? పైనుంచి కోప్పడతారు" అన్నారు. ఆవిడని ఒప్పించి, తహసీల్దారు చేత ఆవిడే వారసురాలని రాయించి, పాత పోస్టు మీద సంతకం తెచ్చేసరికి త్రినాథ్‌కి తలప్రాణం తోకకొచ్చింది. ఇంకొకాయన లంచం కేసులో ఉద్యోగం ఊడినవాడు. "దొంగనని పంపేశారుగా, దొంగ సంతకం మీకెందుకయ్యా?" అని తలుపేసుకున్నాడు. ఆయన కోసం ముగ్గురు రాయబారులు వెళ్లాల్సొచ్చింది.

ఎండనక వాననక తిరిగి తిరిగి, ఆషాఢం ఇంకా మిగిలుండగానే సంతకాలన్నీ పూర్తి చేశాడు త్రినాథ్. ఆ కట్ట విశ్వేశ్వరం గారి బల్ల మీద పెట్టినప్పుడు అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమోద సభ జరిగింది. జీడిపప్పు వచ్చింది. పైడియ్య సీలు తీయడానికి చాకు పట్టుకుని నిలబడ్డాడు.

విశ్వేశ్వరం గారు గొంతు సవరించుకున్నారు. "పారదర్శకత దృష్ట్యా ఈ ఆమోద సభ యొక్క మినిట్సును కూడ సైటులో పోస్టుగా ప్రచురించవలెను."

"అలాగే సార్, రెండూ కలిపి ఒక్కసారే కొట్టేస్తాను" అన్నాడు త్రినాథ్ ఆత్రంగా.

"కూర్చొనుము. ఇప్పుడు ఆమోదము లభించినది మినిట్సు లేని సైటుకు. మినిట్సు చేరినచో పేజీలన్నియు పునర్నిర్మితములగును. కావున సమస్త పేజీలకు మరల ఆమోదము..."

"దానికీ సభ పెట్టాలి కదా సార్. దాని మినిట్సు?" అన్నాడు త్రినాథ్.

"అదియును ప్రచురించవలెను. పారదర్శకతకు అంతమనునది లేదు" అన్నారు విశ్వేశ్వరం గారు సంతృప్తిగా. పైడియ్య చాకు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం త్రినాథ్ మెస్సుకి పోలేదు. కాళ్లు ఎటు తీసుకెళితే అటు నడిచి రేవులో తేలాడు. ఫోనులో సుభాషిణి మెసేజి ఉంది. శ్రావణం వచ్చేస్తోంది, బదిలీ దరఖాస్తు నింపాను, రేపు హెడ్‌మాస్టరుకి ఇస్తున్నాను అని. కోపంగా రాసినా బాగుండేది. మామూలుగా, అలిసిపోయినట్టు రాసింది. అది చదివి అతను రేవు మెట్ల మీద కూలబడ్డాడు. ఏడుపొచ్చింది, సిగ్గేసింది, ఆ లక్క సీలుని నోటితో కొరికి ఊసేయాలనిపించింది.

అక్కడ ఇంకా చాలామంది ఉన్నారు. నాలుగున్నర పంటు తప్పిపోయిన కాలేజీ పిల్లలు, ఖాళీ గంపలతో ఆడవాళ్లు, ఆస్పత్రి నుంచి మందుల సంచితో ఒక ముసలాయన. రేవుకి కట్టేసిన పంటు మీద కూర్చుని, దాన్ని నడిపే సరంగు పెసింగి కాటంరాజు వీళ్లందరినీ చూస్తున్నాడు.

"ఏంటి బాబూ, అలాగైపోయేరు?" అన్నాడు త్రినాథ్‌తో. "ఆరున్నర ట్రిప్పుకి ఆర్డరొచ్చేసిందంట గదండి?"

"వచ్చింది."

"సంతకం అయిపోయిందాండి?"

"ఎప్పుడో అయింది."

"మరింకేంటండి?"

"సైట్లో పెట్టలేదు కాటంరాజూ."

కాటంరాజు లేచి మోకు విప్పాడు. "సైటు పంటెక్కుద్దాండి? ఎక్కేది ఈళ్లు. గోదారి ఫోను సూసుకుని పారుద్దా ఏంటండి? ఇదిగో, అందరూ ఎక్కండెక్కండి. తాతా, సంచి ఇలా ఇచ్చెయ్. పొద్దోతంది!" అని ఇంజను తిప్పాడు.

త్రినాథ్ లేచి నిలబడ్డాడు. ఉద్యోగధర్మం ప్రకారం అడ్డుకోవలసినవాడు అతనొక్కడే. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసే అందరికన్నా ముందు ఎక్కాడు.

సుభాషిణి తలుపు తీసి, బుధవారం సాయంత్రం గుమ్మంలో మొగుణ్ని చూసి, "ఉద్యోగం పోయిందా ఏవండీ?" అంది కంగారుగా. తర్వాత పంటు సంగతి విని, ఆ నింపిన దరఖాస్తు చింపి పొయ్యిలో వేసింది. ఇద్దరూ వంకాయ కూరతో అన్నం తిన్నారు. అంత రుచిగా ఎప్పుడూ తినలేదనిపించింది త్రినాథ్‌కి.

అలా ఆరున్నర పంటు రోజూ తిరగడం మొదలైంది. పిల్లలు ఆఖరి క్లాసుకి కూర్చున్నారు, సంతలో బెండకాయలు అమ్ముడుపోయాయి. ఊరంతా సుఖంగా ఉంటే ఎవరో ఒకరికి నిద్ర పట్టదుగా! శ్రావణమాసం నడుస్తుండగా విశ్వేశ్వరం గారు గట్టు మీద షికారుకొచ్చి, నిండా జనంతో లైట్లేసుకుని పోతున్న పంటుని కళ్లారా చూశారు. మర్నాడు పొద్దున్నే అత్యవసర సమావేశం.

"అప్రచురిత పంటు!" అన్నారు ఆయన బల్ల చరిచి. "సైటు ప్రకారము ఆ పంటు లేదు. లేని పంటుపై ప్రజలు ప్రయాణించుచున్నారు! మంజూరు ఉత్తర్వును రద్దు చేయుచున్నాను. సరంగు కాంట్రాక్టును రద్దు చేయుచున్నాను. ఇదిగో ఉత్తర్వు. సైటులో ప్రచురితమైన క్షణం నుంచి అమలు. త్రినాథ్, తక్షణమే సీలు తీయించి పోస్టు చేయుము. మూడు సెకన్ల పని!"

 కాటంరాజు మొహం, గంపలు, పిల్లలు, వంకాయ కూర అన్నీ త్రినాథ్ కళ్లముందు తిరిగాయి. చెయ్యనంటే ప్రొబేషను గోవిందా. చేస్తే ఇంట్లో మొహం చూపించలేడు. అంతలో ఏం తోచిందో, మెల్లగా లేచి, చేతులు కట్టుకుని, జన్మలో ఎన్నడూ మాట్లాడని భాషలో మొదలెట్టాడు.

"క్షమించవలెను సార్. ఈ పోస్టు చేర్చినచో పేజీలన్నియు పునర్నిర్మితములగును."

అలివేలమ్మ గారు చేతిలో ఫైలు మూసి అతని వైపు తిరిగారు.

"పునర్నిర్మిత పేజీలకు పాత ఆమోదము చెల్లదు. కామేశ్వరం గారు కాశీ వెళ్లియున్నారు. శేషమ్మ గారికి పోయిన భర్తగారు కలలో కనిపించి మరల సంతకము పెట్టవద్దనినారట. గత సభ మినిట్సు ఇంకను పెండింగులోనే యున్నవి."

"నియమము నేనే రాసితిని. నేనే సడలించెదను!"

"సడలింపు ఉత్తర్వు కూడ సైటులో ప్రచురితమైన క్షణం నుంచే కదా సార్ అమలు?"

 అలివేలమ్మ గారు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అబ్బాయి రూలు ప్రకారమే చెబుతున్నాడండి" అన్నారు. పైడియ్య లక్కా కొవ్వొత్తీ తీసుకొచ్చి, సీలు అంచులు కొంచెం లేచాయని చెప్పి, ఎవరూ అడక్కుండానే ఇంకో పొర వేశాడు.

ఆ లక్క ఆరేలోగా విశ్వేశ్వరం గారి కోపం కరిగిపోయింది. కుర్చీలోంచి లేచి, త్రినాథ్ భుజం మీద చెయ్యి వేశారు. "ఇన్నేండ్ల సర్వీసులో నా సర్క్యులరును ఇంత భక్తిగా చదివినవాడు నీవొక్కడవే" అన్నారు మురిసిపోతూ. ఆ మధ్యాహ్నమే అతని ప్రొబేషను ఖాయపరిచి, సమస్త పేజీల పునరామోద ప్రక్రియకి అతన్నే ప్రత్యేక బాధ్యుడిగా వేశారు.

త్రినాథ్ బాధ్యత ఎంతో శ్రద్ధగా నిర్వహిస్తున్నాడు. కామేశ్వరం గారు కాశీ నుంచి రాగానే ఇంటికెళ్లి, "తొందరేం లేదండీ, తెగిన తాళ్ల సంగతి, బాగా ఆలోచించుకునే పెట్టండి" అని చెప్పొచ్చాడు. శేషమ్మ గారికి కల సంగతి వివరంగా రాసిమ్మని మనవి చేశాడు. ఉద్యోగం ఊడినాయన గుమ్మం తొక్కడమే మానేశాడు. రోజూ అయిదున్నరకి బల్ల సర్దుకుని, లేని పంటెక్కి ఇంటికొస్తున్నాడు.

ఓ సాయంత్రం సుభాషిణి చేపల పులుసు దించుతూ, ఫోనులో సంస్థ సైటు చూసి, "ఏవండీ, సైట్లో ఇంకా ఆఖరి పంటు నాలుగున్నరకనే ఉంది. మన ఆర్డరు పెట్టడం ఎప్పటికవుతుంది?" అంది.

త్రినాథ్ చటుక్కున ఫోను లాక్కుని బోర్లా పెట్టాడు.

"సంధ్యవేళ అలాంటి మాటలనకే! ఆ సీలు ఊడిందంటే వెనకే రద్దు ఆర్డరూ ఎక్కేస్తుంది. నా సర్వీసున్నంత కాలం ఆ సైట్లో ఒక్క అక్షరం పడనివ్వను. కంచం పెట్టు, ఆకలేస్తోంది."